ఎక్కడికమ్మా ప్రయాణం?

మగవాడు సెంటు పూసుకుని వీధిలోకి వస్తే, "ఏం సెంటోయ్ అది? బాగుందే! ఎంత పడిందేమిటి?" అని అడుగుతారు. ఆడది పూసుకుని వస్తే, "ఎక్కడికమ్మా ప్రయాణం?" అని అడుగుతారు. మొదటి ప్రశ్న సీసా గురించి. రెండో ప్రశ్న మనిషి గురించి. నా పేచీ అంతా ఈ రెండో ప్రశ్నతోనే.

చీర విషయంలో ఇలా అడగరు. కొత్త చీర కట్టుకుంటే "ఎక్కడ కొన్నావు?" అంటారు. గాజులకి ధర అడుగుతారు, గొలుసుకి తూకం అడుగుతారు. ఒక్క సువాసన దగ్గరికి వచ్చేసరికి మాత్రం కారణం అడుగుతారు. అది ఎవరి కోసమో అయి తీరాలన్న మాట! పెళ్ళయినవాళ్ళయితే మొగుడి కోసం. కానివాళ్ళయితే ఇంకెవరి కోసమో. నలభై దాటితే, "ఈ వయసులో యెందుకమ్మా!" అని ఒక చప్పరింత. భర్త పోయినవాళ్ళయితే... ఆ సంగతి తర్వాత చెబుతాను. అది చప్పరింతతో పోయే విషయం కాదు.

నేను నవలలు రాసుకునే మనిషిని. చదివింది బి.ఏ. రసాయన శాస్త్రంతో నాకు పరిచయం తక్కువ. కానీ సెంట్లంటే ఇష్టం. ఖరీదైనవి రెండో మూడో వుంటే, చార్మినార్ దగ్గర కొన్న చిన్న చిన్న అత్తరు సీసాలు ఇరవై దాకా వున్నాయి. రాత్రి వంటిల్లు సర్దేసి, రాసుకోవడానికి కూర్చునే ముందు, ఒక్క బొట్టు మణికట్టుకి రాసుకుంటాను. ఆ వేళప్పుడు మా ఇంటికి ఎవరూ రారు. నేనెక్కడికీ పోను. "మరి ఎవరి కోసం?" అంటారా? జవాబు ఆ బొట్టులోనే వుంది. కాస్త ఓపిక పడితే అదే చెబుతుంది.

సెంటు అంటే ఒక వాసన కాదండీ. వరసగా వచ్చే మూడు నాలుగు వాసనలు. తేలికగా ఆవిరయ్యేవి ముందు లేచిపోతాయి. నిమ్మ, నారింజ తొక్క లాంటివన్న మాట. వాటి ఆయుష్షు పది పదిహేను నిమిషాలు. తర్వాత పువ్వులు వస్తాయి. గులాబి, మల్లె, సంపెంగ, ఇవి గంటో రెండు గంటలో వుంటాయి. చిట్టచివరికి బరువైనవి దిగుతాయి. గంధపు చెక్క, వట్టివేరు, కస్తూరి లాంటివి. ఇవి ఐదారు గంటలు ఒంటిని అంటిపెట్టుకుని వుంటాయి. పెళ్ళివారు తరలి వచ్చినట్టే! ముందు బ్యాండు మేళం, వెనకాల పట్టుచీరలు, ఆఖర్న మెల్లిగా నడిచివచ్చే పెద్దవాళ్ళు. బ్యాండు మేళం చూసి సంబంధం ఖాయం చేసుకునేవాళ్ళని ఏమంటాం? సెంటు మాత్రం మనమంతా అలాగే కొంటాం.

పెద్ద దుకాణాల్లో చూడండి. గాజు బల్ల వెనకాల అమ్మాయి ఒక కాగితపు చీలిక మీద చిమ్మి, గాల్లో రెండుసార్లు ఆడించి, "ఎలా వుంది మేడమ్?" అంటుంది. కాగితానికి వేడి లేదు, చెమట లేదు, చర్మం లేదు. మనం రెండు నిమిషాల్లో తల వూపి, నాలుగువేలు కట్టి వచ్చేస్తాం. అమ్మకం జరిగేది ఆ రెండు నిమిషాల్లోనే గనక, ఉన్న డబ్బంతా మేళం మీదే తగలేసి, పెళ్ళికూతుర్ని మర్చిపోయినట్టుండే సెంట్లు ఎన్ని చూశానో!

ఈ మేళం సంగతి తెలియాలంటే కొలోన్ నీళ్ళు చాలు. పిల్లలకి జ్వరం వస్తే గుడ్డ తడిపి నుదుట వేసేవారే, అదే. జర్మనీలోని కొలోన్ నగరంలో స్థిరపడ్డ ఇటలీవాళ్ళు, ఫరీనా కుటుంబం, పద్ధెనిమిదో శతాబ్దంలో దానికి పేరు తెచ్చారు. రాసుకోగానే నిమ్మతోటలో నిలబడ్డట్టుంటుంది. పావుగంటలో తోటా లేదు, నిమ్మా లేదు. దాని తప్పేం లేదు, అది చేస్తానన్నది అంతే. మండువేసవిలో హాయిగా వుంటుంది. కాకపోతే దాంతో కాపురం చెయ్యలేం.

మన మొగలిపువ్వు అత్తరు దీనికి పూర్తిగా తిరగేసిన బాపతు. మొగలి నూనెకి గంజాం జిల్లా పెట్టింది పేరు. 1936 దాకా అది మద్రాసు రాష్ట్రంలోనే వుండేది. మా అమ్మమ్మ మొగలిరేకులు చీరల మడతల్లో పెట్టేది. ఆ జ్ఞాపకంతో కొన్నానేమో, మొదటి పది నిమిషాలూ అదిరిపోయాను. తేనె, మిరియం కలిపి కళ్ళల్లో కొట్టినంత ఘాటు! పక్కగదిలోంచి మా అబ్బాయి "అమ్మా, ఏం ఒలికింది?" అని అరిచాడు. రెండు గంటలు పోయాక ఆ ఘాటు దిగి, ఇనపపెట్టె మూత ఎత్తినప్పుడు వచ్చే వాసన మిగిలింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరికి తెలుస్తుంది? ఆ పెట్టె చూసినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే.

మట్టి అత్తరు సంగతి ఇంకా చిత్రం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో చేస్తారు. ఎండిన చెరువుమట్టిని బిళ్ళలుగా కాల్చి, రాగి డేగిసాలో నీళ్ళతో మరగపెట్టి, ఆ ఆవిరిని వెదురుగొట్టం గుండా గంధపు నూనెలోకి పంపుతారు. తొలకరి చినుకు పడ్డ నేల వాసన ఆ నూనెలో దిగిపోతుంది. 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో ఈ వాసనకి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. ఇద్దరిలో ఒకరు మహిళ, ఇసబెల్ బేర్. వాళ్ళు పేరు పెట్టేనాటికే కన్నౌజ్ వాళ్ళు దాన్ని సీసాలో పెట్టి అమ్ముతున్నారు. మే నెలలో హైదరాబాదు మండిపోతూంటే ఒక బొట్టు రాసుకుని చూడండి. మొదటి అరగంట వాన పడుతుంది. తర్వాత నేల ఆరుతుంది. ఆఖర్న గంధం ఒక్కటే నిలుస్తుంది.

శమామా అని చలికాలపు అత్తరు ఒకటుంది. రకరకాల సుగంధ ద్రవ్యాలు, వేళ్ళు కలిపి రోజుల తరబడి తీస్తారు. రాయగానే పచారీ కొట్టు వాసన! ఇంత డబ్బు పోసి ధనియాలు, లవంగాలు ఒంటికి రాసుకున్నానా అనిపిస్తుంది. నాలుగు గంటలు ఆగితే, పాత కంబళి కప్పుకున్నంత వెచ్చగా వుంటుంది. ఆ నాలుగు గంటలూ ఆగనివాళ్ళు, "ఇదేం కంపు" అని కడిగేసుకుని పోతారు. నష్టం వాళ్ళదే.

పరదేశపు సీసాల్లో నాకు బాగా తెలిసింది ఒక స్నేహితురాలు అమెరికా నుంచి తెచ్చిన షనెల్ నంబర్ ఫైవ్. 1921లో ఎర్నెస్ట్ బో అనే ఆయన నమూనాలు చేసి వరసగా నంబర్లు వేసి చూపిస్తే, షనెల్ అయిదో నంబరు ఏరుకుంది. అంచేత ఆ పేరు. రాసుకోగానే కొత్త సబ్బు విప్పినట్టుంటుంది, తళతళలాడుతూ. "ఓస్, దీనికా ఇంత పేరు!" అనుకుంటాం. గంటకి మల్లె, గులాబి విడివిడిగా కాక కలగలిసి వస్తాయి. మూడు గంటలకి, ఇది నిజమండీ, మా పూజగదిలో గంధం తీసే సాన వాసన వచ్చింది. ఫ్రాన్సు దాకా వెళ్ళి మా పూజగదిలోకే వచ్చి పడ్డాను!

ఇన్ని సీసాల మీద నాకు తెలిసినదొకటే. ఏ సెంటయినా చివరికి మిగిలే వాసనే అసలు వాసన. అది గది దాటదు. మూరెడు దూరంలో వున్న మనిషికి కూడా తెలియదు. చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటేనే తెలుస్తుంది. పైవాళ్ళకి అందేది మొదటి పావుగంట. మనకి మిగిలేది ఐదు గంటలు. ఆడది ఎవరి కోసమో సెంటు పూసుకుంటుందనే పెద్దమనుషులు ఈ లెక్క ఎప్పుడైనా వేశారా? పరాయివాళ్ళ కోసమే అయితే ఈ ఐదు గంటల సరుకంతా దండగేగా!

ఈ అపోహని పెంచి పోషించినవాళ్ళు ప్రకటనల వాళ్ళు. మగవాడు ఒక చిమ్ము చిమ్ముకుంటే వీధిలో ఆడవాళ్ళందరూ వెంటపడతారట! ఆడది పూసుకుంటే ఎవడో ఒకడు వెనక్కి తిరిగి చూస్తాడట! ఎటు చూసినా సువాసన అంటే వల, ఎదుటి మనిషి చేప. ఈ వెర్రి ముదిరి ముదిరి ఎక్కడిదాకా వెళ్ళిందంటే, 2022 జూన్‌లో, ఒంటరి అమ్మాయిని నలుగురు మగవాళ్ళు చుట్టుముట్టడమే హాస్యంగా తీసిన బాడీ స్ప్రే ప్రకటనలను తీసేయమని కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆదేశించాల్సి వచ్చింది. ఆ ప్రకటన పోయింది. దాని వెనకాల వున్న ఆలోచన పోయిందా? "ఎక్కడికమ్మా ప్రయాణం?" అన్న ప్రశ్నలో అది భద్రంగా వుంది.

ఇంకొందరున్నారు. "ఈ సెంట్లూ గింట్లూ మనవి కావమ్మా, మన ఆడవాళ్ళకి పసుపూ కుంకమా చాలు" అంటారు. వాళ్ళకి ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే రాశాడు. పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఏరి కలిపితే 1,820 కలయికలవుతాయని లెక్క కట్టాడు. అరవై నాలుగు కళల జాబితాలో గంధయుక్తి వుంది. తిరుమలలో శుక్రవారం అభిషేకమయ్యాక స్వామివారికి పునుగు తైలం పూస్తారు. పచ్చి పునుగు భరించలేని కంపు. కాస్తే కాస్త వాడితే, ఇతర పరిమళాలని పట్టి నిలబెడుతుంది. మరి స్వామివారిని ఎవరూ అడగరే, "ఎక్కడికి ప్రయాణం?" అని!

మన పెద్దన గారి వరూధినిని చూడండి. హిమాలయాల్లో దారి తప్పిన ప్రవరుడికి అక్కడ మనుషులున్నారని ముందు చెప్పింది కన్ను కాదు, ముక్కు. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలం వాసన గాలిలో తేలివచ్చింది. ఈ ఘట్టం చెప్పేవాళ్ళంతా ప్రవరుడి ముక్కు గురించే చెబుతారు. నాకు తోచేది వేరు. అప్పటికి ప్రవరుడు రాలేదు. వస్తాడని ఆవిడకి తెలియదు. మనిషి మసలని ఆ మంచుకొండ మీద ఆవిడ కస్తూరి కలిపిన తాంబూలం ఎవరి కోసం వేసుకుంది? తన కోసం! తర్వాత కథ ఎలా నడిచినా, ఆ సువాసన మాత్రం ఆవిడ సొంతం.

మత్స్యగంధి కథ దీనికి ఎదురు. పడవ నడుపుకునే పిల్ల. చేపల వాసన ఆమె పుట్టుకతో వచ్చింది. పరాశరుడికి ఆమె కావాల్సి వచ్చింది. ఆ వాసన పోయింది, యోజనం దూరం పరిమళించే యోజనగంధి అయింది. చిన్నప్పుడు ఎంత గొప్ప వరమో అనుకునేదాన్ని. ఇప్పుడు ఒక సందేహం. యోజనం దూరం పోయే వాసన ఎవరి కోసం? తన ఒంటి వాసన తనకి చెప్పకుండా నది దాటిపోతూంటే ఆ పిల్లకి ఎలా వుండి వుంటుంది? యోజనగంధులని తయారు చెయ్యడమే ఇప్పటికీ మన లోకం పని. నేను వరూధిని పక్షం.

మన పేరంటాలు గుర్తు చేసుకోండి. పాదాలకి పసుపు, నుదుట కుంకం, మెడకి గంధం. మగ పురుగు లేని చోట ఆడవాళ్ళు ఆడవాళ్ళకి పూసుకునే సువాసన అది! ఇంత చక్కటి ఆచారం వున్న మనం, సువాసన మగవాడి కోసమని ఎలా ఒప్పుకున్నాం? ఎలా ఒప్పుకున్నామంటే, ఆ గంధపుగిన్నె ఎవరి దగ్గర ఆగిపోతుందో చూడండి, తెలుస్తుంది. పక్కగదిలో ఒక మనిషి వుంటుంది. శనగలు మూటలు కట్టేది ఆవిడే. తమలపాకులు తుడిచిపెట్టేది ఆవిడే. గంధం అరగదీసింది కూడా ఒక్కోసారి ఆవిడే. ఆవిడ మెడకి మాత్రం గంధం లేదు. భర్త పోయాడు గనక.

మా మేనత్తకి మల్లె అత్తరంటే ప్రాణం. నలభై ఒకటో ఏట మావయ్య పోయాడు. పూలు, గాజులు, కుంకం తియ్యడం ఊళ్ళో అందరికీ తెలిసిన తంతే. దాని తర్వాత బంధువుల్లో ఒకావిడ బీరువా తెరిచి, అత్తరు సీసా తీసి, "ఇంక నీకెందుకే?" అని పనిమనిషి చేతిలో పెట్టింది. చీరల మడతల్లో దాచుకున్న సీసా! పరాయికంటికి కనబడే వస్తువు కూడా కాదు. పూలు కనిపిస్తాయి గనక లోకం ఏమంటుందో అన్నారు, సరే. అత్తరు ఎవరికి కనిపిస్తుంది? చీకట్లో, గదిలో ఒక్కతే పడుకుని, తన చెయ్యి తాను వాసన చూసుకుంటే ఎవరి పరువు పోతుంది? ఆ నలుగురిలో ఒక్కరూ ఈ మాట అడగలేదు. సువాసన మొగుడి కోసమేనని అంతకు ముందే అందరూ ఒప్పుకుని వున్నారు. మొగుడు పోతే దాని పనీ పోయిందన్నారు. చూశారా, సరదాగా అడిగే "ఎక్కడికమ్మా ప్రయాణం?" వేళ్ళు ఎంత లోతుకి పోయాయో! ఆ ప్రశ్నకి నవ్వుతూ జవాబు చెప్పే సుమంగళి, ఈ సీసా తీసుకుపోయే చేతికి బలం ఇస్తోందని గ్రహించదు.

వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరులో. నూట నలభై ఏళ్ళు దాటాయి. మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కు గురించి మనం గట్టిగా ఉపన్యాసాలు చెబుతాం. మళ్ళీ పెళ్ళి అక్కర్లేదు, ఒక్క బొట్టు మల్లె అత్తరు చాలు అనుకునే మనిషి గురించి ఎవరు చెబుతారు?

అత్తయ్యకిప్పుడు డెబ్భై ఏళ్ళు. పోయిన చలికాలం మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక రాత్రి ఆవిడ మణికట్టుకి మల్లె అత్తరు ఒక బొట్టు రాశాను. వాసన చూసే ముందు ఆవిడ చేసిన పనేమిటో తెలుసా? తలుపు వైపు చూసింది. ఎవరైనా వస్తున్నారేమోనని. డెబ్భై ఏళ్ళ మనిషి, దొంగలా! నేనేమీ మాట్లాడలేదు. దీపం తీసేసి పడుకున్నాం. ఏ రెండు గంటలకో చీకట్లోంచి, "ఒసేయ్, నిద్రపోయావా? ఇది మారిందే! ఇప్పుడు గంధం వస్తోంది" అంది. చిన్నపిల్ల గొంతులా వుంది ఆ గొంతు.

ఇక అభ్యంతరాలు చెప్పేవాళ్ళకి. "ఖరీదు కదండీ" అంటారు. నిజమే. కిలో గులాబి నూనె తియ్యాలంటే మూడు నాలుగు వేల కిలోల పువ్వులు కావాలి. అసలు గంధపు నూనె కిలో లక్ష దాటుతుంది. అంచేత రెండొందల సీసాలో అసలు గులాబి వుంటుందని ఆశపడకండి. అయినా, ముక్కుకి నచ్చితే రెండొందలదీ మంచిదే. ఒక్కో బొట్టు చొప్పున వాడితే ఆ సీసా నెలల తరబడి వస్తుంది. కొనేముందు చెయ్యికి రాసుకుని ఇంటికి వచ్చెయ్యండి. వంట చెయ్యండి, పోపు పెట్టండి, ఇంగువతో దాని బలం తేల్చుకోండి. సాయంత్రానికీ నచ్చితే అప్పుడు కొనండి. పట్టుచీర మీద మాత్రం వెయ్యకండి, నూనె మరక పోదు.

"మాకు పడదండీ, తలనొప్పి" అంటారు. ఇది న్యాయమైన మాట. ఉబ్బసం వున్నవాళ్ళు, పార్శ్వపు తలనొప్పి వున్నవాళ్ళు మన పక్కన కూర్చుంటారు. లిఫ్టులో, బస్సులో, ఆసుపత్రిలో గుప్పుమంటే అది సువాసన కాదు, దండయాత్ర. ఇంకో కిటుకు కూడా వుంది. పావుగంటకల్లా మన ముక్కు మన సెంటుకి అలవాటు పడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పోయిందనుకుని మళ్ళీ చిమ్ముకుంటాం. మనకి తెలియడం లేదు గానీ పక్కవాళ్ళకి ఊపిరాడదు. ఇక్కడా నా లెక్కే. తన కోసం పూసుకునేవాళ్ళకి ఒక్క బొట్టు చాలు. ఊరి కోసం పూసుకునేవాళ్ళకే సీసా కావాలి.

పాతబస్తీలో రంజాన్ నెల సాయంత్రాలు అత్తరు దుకాణాల ముందు చూడండి. తాతలు, తండ్రులు, మీసాలు రాని కుర్రాళ్ళు, అందరూ చేతులు చాస్తూ, వాసన చూస్తూ, బేరాలాడుతూ వుంటారు. చెవి మడతలో అత్తరులో ముంచిన దూది ఉండ పెట్టుకుని, నిశ్చింతగా నడిచిపోతారు. వాళ్ళని ఎవరూ కారణం అడగరు. అడగకూడదు కూడా. ఆ నిశ్చింతే మనకీ కావాలంటున్నాను, అంతకు మించి నేనేమీ అడగడం లేదు.

అడగడంతో సరిపెట్టనక్కర్లేదు, చెయ్యగలిగిన పని ఒకటుంది. వచ్చే శ్రావణమాసంలో మీ ఇంట్లో పేరంటం వుంటుంది కదా! గంధపుగిన్నె చేతికి తీసుకున్నాక, హాల్లో కూర్చున్న పట్టుచీరల దగ్గరికి వెంటనే వెళ్ళకండి. ముందు పక్కగదిలోకి వెళ్ళండి. శనగలు మూట కడుతున్న ఆవిడ "నాకెందుకమ్మా!" అంటుంది. తలుపు వైపు కూడా చూస్తుంది. మీరు చూడకండి. గంధం పూసి రండి. హాల్లో ఎవరైనా నోరు విప్పితే, ఆ గంధం వాసన ఆవిడకి తప్ప ఇంకెవరికీ రాదని చెప్పండి.